వేలిముద్రల గది నుంచి

మొదటామె బెండి దిల్లమ్మ.
కాశీబుగ్గ దాటాక రైలుకట్ట పక్క తుప్పల్లో దొరికింది.
పది వేళ్ళకీ సిరా రాసి
పది గళ్ళలో ఒత్తాను.
పది మరకలొచ్చాయి.
గీత లేదు, చక్రం లేదు, శంఖం లేదు.

పలాసలో జీడిగింజ ఒలిచే చేతులకి
ముద్రలు నిలవవు.
తొక్కలోని రసం ముందు నలుపు చేస్తుంది,
తరవాత పొర లేపుతుంది, తరవాత గీతలు తినేస్తుంది.
రేషన్ డిపోలో మిషన్
నెలనెలా వాళ్ళని కాదంటుంది.
"నాను నానే అని సెప్పాలంటే ఏటి సెయ్యాల బావూ?"
దిల్లమ్మ తల్లి అడిగింది,
శవం పక్కన కూచుని,
ఇంకేదో మాట మధ్యలో.

రెండో ఆమె దున్న జామిని.
మూడో ఆమె మందస కొండలమీంచి పనికి దిగింది.
సవర సుంబారి అని తెలియడానికే
పదకొండు రోజులు పట్టింది.

అప్పుడు విశాఖ నుంచి డాక్టర్ మృదుల వచ్చారు.
చెప్పులు గుమ్మం బయట విడిచి
మా స్టేషన్లోకి వచ్చిన మొదటి అధికారి ఆవిడే.
రెండు పేజీలు రాసిచ్చారు:
వయసు ముప్పై అయిదుకీ నలభై అయిదుకీ మధ్య.
ఒంటరి. శుభ్రం ఎక్కువ.
లెక్క తప్పితే ఓర్చుకోలేడు.
చంపినచోటికి మళ్ళీ వెళ్తాడు.
ఏదో ఒకటి పట్టుకెళ్ళి దాచుకుంటాడు.
తల్లితో మాటలుండవు.

అది టైపు చేసింది నేనే.
సగంలో చెయ్యి ఆగింది.
నాకు నలభై ఒకటి. లాడ్జి గది.
తువ్వాలు మడత చెదిరితే నిద్ర పట్టదు.
నరసన్నపేటలో అమ్మకి ఫోన్ చేసి
ఎన్నాళ్ళయిందో వేళ్ళమీద లెక్కపెట్టుకుని
మిగతాది కొట్టాను.
శవాలున్నచోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళేదీ నేనే కదా.
ఆ రాత్రి సెంట్రీ నా మొహంలోకి
కాస్త ఎక్కువసేపు చూశాడనిపించింది.

సుంబారి టిఫిను గిన్నె మూతమీద
ఒక బొటనవేలు దొరికింది.
చక్రం. ఒక్క గీతా తెగలేదు.
పదమూడేళ్ళ సర్వీసులో అంత అందమైన ముద్ర చూడలేదు.
రిపోర్టులో ఆ మాట రాయలేదు.

చేతులన్నీ నల్లబడిన కార్ఖానాలో
ఇంత తేటగా ఉన్న వేలు ఎవరిది?
గింజ ఒలవనివాడిది.
తూచేవాడిది.

లోకనాథం, కాటా గుమాస్తా.
టీ కొట్టు బెంచీమీద జరిగి నాకు చోటిచ్చినవాడు.
స్నేహితులు బోలెడుమంది.
తల్లికి రోజూ తలకి నూనె రాస్తాడు.
ఆ రెండూ డాక్టరుగారు తప్పారు.
ఇల్లు సోదా చేస్తుంటే మాకు చాప పరిచాడు.
బియ్యం డబ్బా అడుగున
మడత నలగని మూడు తూకం చీటీలు:
పేరు, కిలోలు, తరుగు.
వాటికింద రాయని చీటీ ఒకటి.

ఆవిడ అతని ఎదురుగా నాలుగు గంటలు కూచున్నారు.
చిన్నతనం, తండ్రి, దెబ్బలు, కలలు.
మహేంద్రతనయలో నీళ్ళు పారుతున్నాయా అని
అతను అడిగాడు.
ఎందుకు చంపావంటే
చీటీ చదివినట్టు చెప్పాడు:
"తరుగు ఎక్కువొచ్చింది."
బయటికొచ్చి కొళాయి దగ్గర
ఆవిడ చాలాసేపు చేతులు కడుక్కున్నారు.
"పలక పగలగొట్టిన పిల్లాడైనా
ఏదో ఒక కారణం చెప్తాడండీ" అన్నారు.

ఇప్పుడు నలుగురూ ఒకే ఫైల్లో ఉన్నారు.
అతని పది గళ్ళూ నిండుగా,
కొత్తగా చేరినవాళ్ళకి చూపించి పాఠం చెప్పొచ్చు.
చెబుతున్నారు కూడా.
ఆ ముగ్గురివీ మరకలు.
కింద నా దస్తూరీ: ముద్రలు లభ్యం కాలేదు.

మొన్న దిల్లమ్మ తల్లి వచ్చింది.
కార్డులోంచి కూతురి పేరు తీయించాలట,
వేలు పెడితే మిషన్ ఒప్పుకోదట.
నా పని కాదు. అయినా సిరా పెట్టె తెరిచాను.
తొమ్మిది వేళ్ళు మరకలే.
ఎడమ చిటికెనవేలి అంచున
వెంట్రుకంత గీత.
"అదిగో" అన్నాను.
కనపళ్ళేదంది. భూతద్దం చేతికిచ్చాను.
ఒక కన్ను మూసి చాలాసేపు చూసి
"నాదేనేటి?" అంది.